మోటారు క్రింద పోయిన ప్రాణానికి శిక్ష యెంత?

రాత్రి పాళీ ముగించుకొని హోట్గి రోడ్ దాటే మన మగ్గం పనివారి నెవరినైనా మోటారు పొట్టను పెట్టుకొంటే, తోలినవానికి పడే శిక్ష యెంత? ఇందుకు మేము మన రాష్ట్రపు కేసునే చెబుతాము.

2006 నవంబరు 12 తెల్లవారుజామున బొంబాయి కార్టర్ రోడ్‌లో, కాలిబాటపై నిద్రిస్తున్న కూలీల మీదికి ఒక యువకుడు త్రాగి కారు నెక్కించాడు. ఏడుగురు పోయారు, ఎనిమిదిమందికి గాయాలు. 2007లో సెషన్సు కోర్టు అది అజాగ్రత్త అని 6 నెలలు వేసింది. అదే యేడు హైకోర్టు, ప్రాణాలు పోతాయని యెరిగే తోలాడని 3 యేళ్ళు చేసింది. 2012లో సుప్రీంకోర్టు ఆ శిక్ష మరీ స్వల్పమన్నది, కాని పెంచలేదు. పెంచుమని ప్రభుత్వం అప్పీలు చేసుకోలేదు గనుక! అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత న్యాయస్థానానికీ చెల్లినట్లుంది.

ఆనాడు అజాగ్రత్తకు గరిష్ఠం 2 యేళ్ళే. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయసంహిత దానిని 5 యేళ్ళు చేసింది. కబురైనా చెప్పక పారిపోయినవానికి 10 యేళ్ళన్న నిబంధనను మాత్రం, లారీ డ్రైవర్ల ఆందోళన తరువాత, ఆ రోజున అమలులో పెట్టలేదు.

శిక్ష వేరు, నష్టపరిహారం వేరు. పరిహారానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో అర్జీ పెట్టాలి. 2022 నుండి చట్టం పెట్టిన గడువు 6 నెలలు. అక్కడ పోయినవాని సంపాదన యెంతని అడుగుతారు. మగ్గంవానికి జీతపు చీటీ యెక్కడిది? కూలి లెక్క వ్రాసుకొన్న పుస్తకమైనా ఇంట్లో పారవేయక ఉంచండి.