పడవ మరమ్మతు: రెసిన్, ఫిల్లర్, గ్లాస్ గుడ్డ కొనే ముందు

వేట నిషేధ కాలం పడవల మరమ్మతు కాలం కూడా. యాంత్రిక పడవలకు తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు, 61 రోజులు వేట ఉండదు. ఒడ్డుకు చేర్చిన పడవలకు రంధ్రాలు పూడ్చడం, పగుళ్లు అతకడం ఈ రోజుల్లోనే జరుగుతుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో ఫైబర్ గ్లాస్ పడవలు బాగా పెరిగాయి. అందుచేత రెసిన్, గ్లాస్ గుడ్డ కూడా వలల మాదిరిగానే మత్స్యకారుల ఖర్చుల్లో చేరాయి.

వేట లేని రోజుల్లో చేతిలో డబ్బు తక్కువ. చవకగా దొరికింది కొనాలనిపిస్తుంది. కానీ సరిగా పట్టని అతుకు ఊడేది ఒడ్డున కాదు, సముద్రంలో. ఎక్కడ పొదుపు చేయవచ్చో, ఎక్కడ చేయకూడదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందు లెక్క, తర్వాత కొనుగోలు

ఒక ఉదాహరణ చూద్దాం. మీ పడవ గోడ మందం 5 మిల్లీమీటర్లు, రంధ్రం వెడల్పు 10 సెంటీమీటర్లు అనుకోండి. అతుకు బలంగా పట్టాలంటే రంధ్రం చుట్టూ మందానికి 12 రెట్లు, అంటే 6 సెంటీమీటర్ల మేర, అంచును ఏటవాలుగా అరగదీయాలి. అప్పుడు పై పొర వెడల్పు 22 సెంటీమీటర్లు అవుతుంది. చదరపు మీటరుకు 400 గ్రాముల బరువుండే నేసిన గుడ్డ ఒక్కో పొర సుమారు అర మిల్లీమీటరు మందం ఇస్తుంది. కాబట్టి పది పొరలు కావాలి. మీటరు వెడల్పు గుడ్డ అర మీటరు కొంటే చాలు. అతుకులో ఉండే గుడ్డ బరువు 100 గ్రాముల లోపే. రెసిన్, హార్డెనర్ కలిపి దాదాపు అంతే బరువు పడుతుంది. వృథాతో కలుపుకొన్నా 150 గ్రాములు సరిపోతుంది. ఇంత పనికి ఐదు కిలోల డబ్బా అక్కర్లేదు.

చిన్న డబ్బాలో కిలో ధర ఎక్కువ పడుతుంది. అందువల్ల నాలుగైదు పడవల వారు కలిసి పెద్ద డబ్బా కొని పంచుకోవడం మేలు. ధర పోల్చేటప్పుడు రెసిన్, హార్డెనర్ రెండూ కలిపి కిలో ఎంత పడుతుందో చూడండి.

ఏ రెసిన్ కొనాలి?

పాలిస్టర్ రెసిన్ చవక. ఎపాక్సీ ఖరీదు ఎక్కువ, అయితే పాత పొరను గట్టిగా పట్టుకుంటుంది. ఫైబర్ పడవలో నీటిమట్టానికి పైన చేసే చిన్న పనులకు పాలిస్టర్ చాలు. నీటి అడుగున ఉండే భాగానికి, చెక్క పడవకు ఎపాక్సీ వాడండి. గట్టిపడిన పాలిస్టర్ మీద ఎపాక్సీ బాగా అంటుతుంది. ఎపాక్సీ మీద పాలిస్టర్ అంతగా అంటదు. కాబట్టి ఎపాక్సీ అతుకు మీద జెల్‌కోట్ వేయకుండా తగిన పెయింటు వేయాలి.

పాలిస్టర్ సాధారణంగా చల్లని చోట ఆరు నెలల వరకు నిలుస్తుంది, వేసవి ఎండలో అంతకంటే ముందే పాడవుతుంది. తయారీ తేదీ చూడండి. జున్నులా చిక్కబడిన రెసిన్ ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు.

మ్యాటా, గుడ్డా?

ముక్కల పోగులతో చేసే మ్యాట్ చవక. ఆ పోగులను పట్టి ఉంచే పదార్థం పాలిస్టర్‌లోని స్టైరీన్‌లో కరుగుతుంది. అప్పుడే మ్యాట్ మెత్తబడి వంపుల్లో ఒదుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ లేదు. అందువల్ల సాధారణ మ్యాట్ ఎపాక్సీతో సరిగా ఒదగదు. పాలిస్టర్‌కు మ్యాట్, ఎపాక్సీకి నేసిన గుడ్డ అని గుర్తుంచుకోండి. మ్యాట్ తన బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్లు రెసిన్ పీలుస్తుంది, నేసిన గుడ్డకు దాదాపు సమాన బరువు చాలు. కాబట్టి గుడ్డ ధర ఒక్కటే చూసి నిర్ణయించవద్దు. డాబాల వాటర్‌ప్రూఫింగ్‌కు అమ్మే పల్చని వల పడవకు పనికిరాదు.

ఫిల్లర్లలో పొదుపు

నిజంగా డబ్బు మిగిలేది ఇక్కడే. చెక్క పడవ మూలలు నింపడానికి సామిల్లులో దొరికే రంపపు పొట్టును ఎండబెట్టి, సన్నగా జల్లించి ఎపాక్సీలో కలపవచ్చు. నిలువు గోడ మీద రెసిన్ జారకుండా ఉండాలంటే కొలాయిడల్ సిలికా కొంచెం కలిపితే చాలు. నునుపు పనికి మైక్రోబెలూన్లు తేలికగా అరుగుతాయి. కార్లకు వాడే పుట్టీ నీరు పీలుస్తుంది, నీటి అడుగు భాగానికి వాడవద్దు. ఏ ఫిల్లరైనా గుంట నింపుతుంది, అంతే. రంధ్రానికి బలం ఇచ్చేది గుడ్డ పొరలే.

కలిపేటప్పుడు జాగ్రత్తలు

చిన్న డిజిటల్ త్రాసు కొనండి. అది దండగ ఖర్చు కాదు. ఎపాక్సీకి హార్డెనర్ డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడదు సరికదా, అతుకు మెత్తగా మిగిలిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే పని చేసుకునే సమయం దాదాపు సగమవుతుంది. అందుకే తూర్పు తీరంలో మే నెలలో తెల్లవారుజామున, నీడలో, కొద్దికొద్దిగా కలుపుకోండి. పశ్చిమ తీరంలో వర్షాల తేమ వల్ల ఎపాక్సీ మీద జిడ్డు పొర రావచ్చు. దాన్ని నీటితో కడిగి, ఆరబెట్టి, అరగదీశాకే తర్వాతి పొర వేయాలి.

పాలిస్టర్‌కు వాడే కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను, కేటలిస్ట్‌ను నేరుగా ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపవద్దు, పేలుడు జరగవచ్చు. యాక్సిలరేటర్‌ను ముందు రెసిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే కేటలిస్ట్ వేయాలి. కేటలిస్ట్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు, అరగదీసేటప్పుడు మాస్కు తప్పనిసరి. వీటి ఖర్చును కూడా రెసిన్ ఖర్చుతో పాటే లెక్కవేసుకోండి.

సందేహాలుంటే కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థను గాని, విశాఖపట్నంలోని దాని పరిశోధన కేంద్రాన్ని గాని సంప్రదించవచ్చు. పరిమాణంలో, ఫిల్లర్‌లో, కలిసి కొనడంలో పొదుపు చేయండి. రెసిన్ నాణ్యతలో, కొలతలో, రక్షణలో మాత్రం చేయవద్దు. ఆ అతుకును నమ్ముకునే మీవాళ్లు సముద్రం మీదికి వెళతారు.