పంది మాంసం ముట్టని ఇంటికి బద్దెపురుగు జబ్బు ఎలా వచ్చింది?

తుక్కుగూడలో నా దగ్గర చదువుకునే పదకొండేళ్ల పిల్లవాడు ఒకరోజు పాఠం మధ్యలో ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఒకరు చేతిలో తాళాలు పెట్టమన్నారు. మరొకరు ఇది ‘అసర్’ అన్నారు, తావీదు కట్టించమన్నారు. రెండు నెలల్లో మరో రెండుసార్లు అలాగే జరిగాక తండ్రి నగరానికి తీసుకెళ్లి స్కాన్ తీయించాడు. మెదడులో బద్దెపురుగు తిత్తి ఉందని డాక్టరు చెప్పారు.

ఆ తండ్రి రిపోర్టు పట్టుకుని వచ్చాడు. “మౌల్వీ సాబ్, ఇది పందుల వల్ల వచ్చే జబ్బట. మా ఖాన్‌దాన్‌లో ఎవరూ ఆ హరాం ముట్టలేదు. నలుగురికీ ఏమని చెప్పను?” అని కంటతడి పెట్టాడు. రిపోర్టే తప్పని మందులు మానిపించే ఆలోచనలో ఉన్నాడు.

సోదరులారా! ఆ రిపోర్టు తప్పు కాదు. ఆ కుటుంబం తప్పూ లేదు.

తిత్తులున్న పంది మాంసాన్ని సరిగా ఉడికించకుండా తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలో దాని గుడ్లు పడతాయి. మెదడు జబ్బు వచ్చేది ఈ గుడ్ల వల్లనే. కడగని చేతులు, కలుషిత నీరు, పచ్చి ఆకుకూరల ద్వారా అవి ఎవరి నోట్లోకైనా చేరవచ్చు. పేగులో పిల్లపురుగులు బయటికి వచ్చి రక్తం వెంట మెదడు చేరి తిత్తులు కడతాయి. అందుకే శాకాహారులకూ ఈ జబ్బు వస్తుంది.

అమెరికాలోని న్యూయార్క్‌లో పంది మాంసం నిషిద్ధంగా భావించే సనాతన యూదు కుటుంబాలలో నలుగురికి ఈ జబ్బు వచ్చినట్లు 1992లో వైద్యులు ప్రకటించారు. లాటిన్ అమెరికా నుంచి వచ్చిన ఇంటి పనివారి ద్వారా గుడ్లు చేరి ఉంటాయని తేల్చారు. అలాగని పనివారిని వెళ్లగొట్టడం న్యాయం కాదు. పురుగు ఉన్న సంగతి చాలామందికి తెలియనే తెలియదు. మల పరీక్ష చేయించి మందు ఇప్పిస్తే వారికీ మేలు, మనకూ మేలు.

మన దేశంలో స్కాన్‌లో ఒకే చిన్న మచ్చ కనబడితే ఒకప్పుడు క్షయ గడ్డ అనుకునేవారు. అలాంటి మచ్చలలో చాలా భాగం ఈ తిత్తులేనని 1980ల చివర వెల్లూరు సి.ఎం.సి. వైద్యులు నిరూపించారు. సీటీ, ఎం.ఆర్.ఐ. స్కాన్లే ముఖ్యమైన ఆధారం. రక్త పరీక్షలో ఏమీ తేలనంత మాత్రాన జబ్బు లేదనుకోరాదు.

చికిత్సలో మొదటిది ఫిట్స్ ఆపే మందు. బతికున్న తిత్తులకు ఆల్బెండజోల్ ఇస్తారు, రెండుకు మించి ఉంటే ప్రాజిక్వాంటెల్ కూడా కలుపుతారు. పురుగు చచ్చేటప్పుడు మెదడు వాస్తుంది కాబట్టి స్టెరాయిడ్ తోడుగా ఉండాలి. మెదడులో ఒత్తిడి ఎక్కువగా ఉంటే ముందు దాన్ని తగ్గించాలి. గట్టిపడి సున్నంలా మారిన తిత్తికి పురుగుల మందు అవసరం లేదు. కనుక మెడికల్ షాపులో మాత్రలు కొని సొంతంగా వేయడం ప్రమాదకరం. ఫిట్స్ మందును కూడా డాక్టరు చెప్పకుండా ఒక్కపూటైనా ఆపకండి.

ఫిట్స్ వచ్చిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తరలించండి.

మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక, వంటకు, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడగాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి వంటివి పారే నీటిలో బాగా కడగాలి. నీరు కాచి తాగాలి. తహారత్‌ను విశ్వాసంలో భాగంగా నేర్చుకున్న మనకు ఇవి కొత్త మాటలు కావు. జబ్బు చేస్తే వైద్యం చేయించుకోవాలన్నదీ దైవప్రవక్త (స) బోధనే. దుఆ చేద్దాం, మందూ వేద్దాం. మందు మానడం తవక్కుల్ అనిపించుకోదు.

ఆ తండ్రికి ఈ సంగతులన్నీ చెప్పాను. మరుసటి జుమా నమాజు తర్వాత ఆయనే మస్జిద్ మెట్ల మీద నలుగురినీ ఆపి కొడుకు జబ్బు పేరు బయటపెట్టాడు. పిల్లవాడు వేళకు మాత్ర వేసుకుని బడికి వస్తున్నాడు.