మాటలు మన గురించి, ఓట్లు ఎవరి కోసం?

ఎన్నికలు దగ్గర పడితే చాలు, దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని క్యాంపుల్లో ఫోన్లన్నీ నాయకుల వీడియోలతో నిండిపోతాయి. డ్యూటీ దిగి, బస్సు దిగి, వంటింట్లో పొయ్యి ఖాళీ అయ్యేదాకా నిలబడ్డప్పుడు అందరం అవే చూస్తాం. ఒక నాయకుడు "గల్ఫ్ అన్నలు" అంటాడు. ఇంకొకాయన కన్నీళ్లు పెట్టుకుంటాడు. జగిత్యాల తమ్ముడు ఒక పార్టీ అంటాడు, కడప అన్న ఇంకో పార్టీ అంటాడు. కూర మాడిపోయేదాకా వాదులాట నడుస్తుంది.

వాదించుకోండి, తప్పు లేదు. కానీ నాయకుడి మాట నిజమా కాదా తెలియాలంటే మూడు చూడాలి: ఆయన ఏం అన్నాడు, సభలో ఏ చట్టం కోసం నిలబడ్డాడు, ఆయన పార్టీకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

సభలో మన లెక్క ఎంత?

మనం విదేశానికి పోవడాన్ని నడిపే చట్టం 1983 నాటిది. ఏజెంటుకు లైసెన్సు, ఈసీఆర్ పాస్‌పోర్టు, క్లియరెన్సు అన్నీ ఆ చట్టం కిందివే. పాతబడిపోయింది, మార్చాలి అని అన్ని పార్టీలూ అంటాయి. 2019లో ఒక ముసాయిదా వచ్చింది, 2021లో ఇంకోటి వచ్చింది. రెండూ పార్లమెంటులో ఓటింగ్ దాకా రాలేదు.

మన ఓటు సంగతీ అంతే. విదేశంలో ఉన్న భారత పౌరులకు ఓటు హక్కు ఇస్తూ 2010లో చట్టం మారింది. కానీ ఊరికి వెళ్లి, బూత్‌లో నిలబడి వేయాలి. మన బదులు ఇంకొకరు వేసే ప్రాక్సీ ఓటు బిల్లును 2018 ఆగస్టు 9న లోక్‌సభ ఆమోదించింది. అది రాజ్యసభ దాటలేదు. 2019లో లోక్‌సభ గడువు ముగియడంతో బిల్లు మురిగిపోయింది.

దాని ఫలితం అంకెల్లో చూడండి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ప్రవాస ఓటర్లుగా పేరు నమోదైనవాళ్లు దేశం మొత్తం మీద 1,19,374 మంది. ఓటు వేసింది 2,958 మంది. అందులో 2,670 మంది ఒక్క కేరళవాళ్లే. మిగతా దేశమంతా కలిపి 288. టికెట్టుకు నెల జీతం పోయి, సెలవు దొరక్కపోతే ఎవరు వెళ్తారు? మనం రాలేమని నాయకులకూ తెలుసు. అందుకే వాళ్ల మాటలు మనకంటే ఎక్కువగా ఊళ్లో ఉన్న మన ఇంటివాళ్ల ఓటు కోసం.

"మా ఎంపీ ఏ బిల్లుకు ఓటేశాడు?" అని అడిగితే చాలాసార్లు జవాబు దొరకదు. అమెరికాలో ఏ సభ్యుడు ఎటు ఓటేశాడో చాలా బిల్లులకు పేరుపేరునా రికార్డు ఉంటుంది. మన దగ్గర ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతోనే, అంటే అరిచి చెప్పిన "అవును", "కాదు"తోనే పాసవుతాయి. డివిజన్ అడిగితేనే పేర్లు ఎక్కుతాయి. పైగా 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది. పార్టీ విప్ ఇచ్చాక దాన్ని కాదని ఓటేస్తే సీటే పోవచ్చు. కాబట్టి మన ఎంపీని కొలవాలంటే ఓటు కంటే ఆయన అడిగిన ప్రశ్నలు చూడాలి. అవి పార్లమెంటు వెబ్‌సైట్‌లో పేరుతో సహా ఉంటాయి. ఐదేళ్లలో గల్ఫ్ గురించి ఎన్ని ప్రశ్నలు వేశాడో చదువుకున్న పిల్లాడెవడైనా పది నిమిషాల్లో తీసి చూపిస్తాడు.

ఓటు లేకుండానే జీతం తగ్గింది

2020 సెప్టెంబరు గుర్తుందా? కరోనాలో పనులు పోయి మనం అల్లాడుతున్న రోజులు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చేవాళ్లకు ఇంతకంటే తక్కువ జీతానికి ఒప్పందం కుదరదని భారత ప్రభుత్వం ఒక కనీస అంకె పెడుతుంది. ఆ నెలలో రెండు సర్క్యులర్లతో దాన్ని కోసేశారు. యూఏఈకి 200 డాలర్లు చేశారు. అంటే సుమారు 735 దిర్హాములు.

దీని మీద పార్లమెంటులో ఓటింగ్ జరగలేదు. ఆఫీసులో ఒక కాగితం మీద సంతకం, అంతే. దాన్ని వెనక్కి తిప్పడానికి కార్మికుల తరఫున పనిచేసేవాళ్లు తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లారు, సభలోనూ ప్రశ్నలు వచ్చాయి. 2021 జులైలో ప్రభుత్వం ఆ సర్క్యులర్లను వెనక్కి తీసుకుంది. ఇందులో మనకో పాఠం ఉంది. వేదిక మీద ఉపన్యాసాలతో అది వెనక్కి రాలేదు. కాగితాలు పట్టుకుని వదలకుండా తిరిగితే వచ్చింది.

డబ్బు ఎటు నుంచి?

2018లో మొదలైన ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది. తర్వాత పేర్లు, లెక్కలు బయటికి వచ్చాయి. 2019 ఏప్రిల్ నుంచి లెక్క చూస్తే బీజేపీకి 6,060 కోట్లు, కాంగ్రెస్‌కు 1,421 కోట్లు, బీఆర్ఎస్‌కు 1,214 కోట్లు, వైసీపీకి 337 కోట్లు, టీడీపీకి 218 కోట్లు. బాండ్లు ఎక్కువగా కొన్నవాళ్లలో రెండో స్థానం హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు.

విరాళం ఇచ్చినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో దేశానికి ప్రవాసులు పంపింది 118.7 బిలియన్ డాలర్లు, అందులో 19.2 శాతం యూఏఈ నుంచే వచ్చింది. మనం పంపే డబ్బు ఇంటికి పోతుంది, పార్టీ ఖాతాకు పోదు. అందుకే దేశానికి ఇంత ఇచ్చినా పార్టీ ఆఫీసులో మనకు కుర్చీ ఉండదు.

ఇక్కడే ఒక జాగ్రత్త. యూఏఈలో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం. రూముల్లో రసీదు పుస్తకం పట్టుకుని ఏ పార్టీ పేరుతో ఎవరొచ్చినా ఇవ్వకండి, మీరూ వసూలు చేయకండి. రాజకీయ మీటింగులు, ర్యాలీలూ ఇక్కడ వద్దు.

నిలబడ్డ మాట ఒకటి

అన్నీ ఉత్త మాటలే అనడం కూడా న్యాయం కాదు. 2023 తెలంగాణ ఎన్నికలప్పుడు కాంగ్రెస్ గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షలు ఇస్తామంది. 2024 సెప్టెంబరులో జీవో వచ్చింది. 2023 డిసెంబరు 7 తర్వాత జరిగిన మరణాలకు వర్తిస్తుంది, దరఖాస్తు జిల్లా కలెక్టరుకు. అయితే డిసెంబరు 6న శవపెట్టె అందుకున్న తల్లికి ఏం చెప్పాలి? ఈ ప్రశ్న అడగడం మన హక్కు.

కేరళవాళ్లు 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా అనే శాఖ పెట్టుకున్నారు. 2008లో ప్రవాసుల సంక్షేమ చట్టమే చేసుకున్నారు. ఆ 2,670 ఓట్లకూ, ఈ చట్టానికీ సంబంధం లేదనుకుందామా?

మనం చేయగలిగింది

ఒకటి, ఫారం 6ఏ నింపి ప్రవాస ఓటరుగా పేరు రాయించుకోండి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పైసా ఖర్చు లేదు. ఓటు వేసేటప్పుడు అసలు పాస్‌పోర్టు చూపాలి. సెలవు ఎన్నికలకు కలిసొస్తే వదులుకోకండి.

రెండు, ఊళ్లో ఓటు అడగడానికి వచ్చిన నాయకుడిని ఇంటివాళ్లు అడగాల్సిన ప్రశ్నలు ఫోన్లో చెప్పండి: "సభలో గల్ఫ్ గురించి ఎన్నిసార్లు అడిగావు? 1983 చట్టం ఎప్పుడు మారుస్తావు?"

మూడు, నాయకుడి కోసం ఆగకండి. ఇక్కడి చట్టం ప్రకారం మనల్ని పనిలో పెట్టుకున్న ఖర్చు కంపెనీదే, మన జీతంలోంచి కోయకూడదు. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకూ 2022 నాటి వేరే చట్టం ఉంది, వారానికి ఒక రోజు సెలవు వాళ్ల హక్కు. కష్టం వస్తే భారత కాన్సులేట్ సహాయ కేంద్రానికి 800 46342 నంబరుకు ఫోన్ చేయండి. కాల్ ఉచితం.

ఈసారి వంటింట్లో వీడియో చూస్తూ ఎవరైనా "మా నాయకుడు మన కోసం ఏడ్చాడు" అంటే, "సభలో ఏమడిగాడు తమ్మీ?" అని ఒక్క మాట అడగండి.