కరెంటు మార్చినా ఆగని స్విచ్

షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో పవర్‌లూమ్ కార్ఖానా నడిపే పద్మశాలి కుటుంబాలకు వోల్టేజీ సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ లాగుడుకు లైన్లో వోల్టేజీ పడిపోయి పక్కింటి బల్బు మసకబారుతుంది. అదే లైన్ మీద నడిచే, కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్ మాత్రం చలించదు. అంతేకాదు, రెండు పవర్ సప్లైలున్న పెద్ద స్విచ్‌ని ఆపకుండానే ఒక వోల్టేజీ నుంచి మరో వోల్టేజీకి మార్చవచ్చు.

పవర్ సప్లై మీది చీటీ చూడండి: 100–240 వోల్టులు, 50–60 హెర్ట్జ్ అని ఉంటుంది. లోపలికి వచ్చిన ఏసీని అది ముందు డీసీగా మార్చి, సుమారు 400 వోల్టులకు పెంచుతుంది. దాన్ని సెకనుకు వేలసార్లు తెంచి కలుపుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి 12 లేదా 54 వోల్టులకు దించుతుంది. బయట 120 ఉన్నా 230 ఉన్నా స్విచ్‌కి అందేది ఈ చివరి వోల్టేజీయే. రెండు సప్లైలూ కలిసేది ఈ డీసీ వైపునే. అందువల్ల కాసేపు ఒకటి 120 మీద, మరొకటి 208 మీద నడిచినా ఆ రెండు ఏసీ లైన్లూ ఒకదానితో ఒకటి కలవవు.

అసలు 208 ఎక్కడిది? కార్ఖానాలో త్రీఫేజు లెక్క తెలిసినవారికి ఇది సులువు. ఒక ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 ఉంటే రెండు ఫేజుల మధ్య దానికి 1.73 రెట్లు, అంటే సుమారు 400 వోల్టులు ఉంటాయి. అమెరికాలో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 120. రెండు ఫేజుల మధ్య అదే లెక్కన 208. అక్కడి డేటా సెంటర్లలో 120 నుంచి 208కి మార్చడానికి కారణం తీగల్లోనే ఉంది. వెయ్యి వాట్లు అందించాలంటే 120 వోల్టుల మీద 8.3 ఆంపియర్లు పారాలి, 208 మీద 4.8 చాలు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది మూడో వంతుకు పడిపోతుంది.

పని వరుస ఇదీ. ముందు సప్లై మీది చీటీనీ, కరెంటు త్రాడునీ చూడాలి. 125 వోల్టులకే తయారైన త్రాడును 208 మీద వాడకూడదు. తర్వాత ఒక సప్లైని ఆపి, ప్లగ్గు తీసి, కొత్త లైనుకు కలపాలి. పచ్చ దీపం వెలిగి నిలకడగా ఉన్నాకే రెండోదాన్ని ముట్టుకోవాలి.

చిక్కంతా మొదటి ప్లగ్గు దగ్గరే. సిస్కో కాటలిస్ట్ 6500కి వాడే 3000 వాట్ల సప్లై అంత శక్తినిచ్చేది 220 వోల్టుల శ్రేణిలోనే. 110 శ్రేణిలో దాని సత్తా 1400 వాట్లు. రెండు సప్లైల శక్తినీ కలిపి వాడుకునే పద్ధతిలో స్విచ్ 2000 వాట్లు తింటోందనుకుందాం. ఒక్కోదాని మీద వెయ్యే పడుతుంది, రెండు దీపాలూ పచ్చగానే ఉంటాయి. ఒకటి తీయగానే మిగిలినదాని మీద 2000 పడుతుంది. దాని వల్ల కాదు. స్విచ్ కొన్ని కార్డులను ఆపేయాలి, లేదా మొత్తమే పడిపోతుంది. రెండో ప్లగ్గు తీసేటప్పుడు ఈ భయం లేదు; అప్పటికే 208కి మారిన సప్లై బరువంతా ఒంటరిగా మోయగలదు.

జోడ్‌భావి పేట్‌లో 120 వోల్టుల లైను లేదు. కానీ ఒక సప్లైని గోడ సాకెట్ నుంచి యూపీఎస్ మీదికి మార్చేటప్పుడు ఇదే లెక్క వర్తిస్తుంది. మీటరు చూపే సగం బరువుకు సరిపడా యూపీఎస్ కొంటే, మెయిన్స్ పోయిన రోజున పూర్తి బరువు దాని మీదే పడుతుంది. రెండు సప్లైలున్నాయన్న ధీమాకు అర్థం ఉండాలంటే, ఏ ఒక్కటైనా తన లైను మీద మొత్తం బరువును మోయగలదని ప్లగ్గు తీయకముందే లెక్కకట్టి ఉండాలి.