ఊదే పీక ఎవరిది వారికే

పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే మన ద్రాక్షారామంలో మేళాల సందడి మొదలవుతుంది. గుడి దగ్గర సన్నాయి, ఊరేగింపులో బ్యాండు, శివరాత్రి తీర్థంలో పిల్లల బూరలు వినిపిస్తాయి. ఆంధ్రదేశంలో నాదస్వరాన్ని తరతరాలుగా నిలబెట్టినవారిలో ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి, 1977లో పద్మశ్రీ అందుకున్న షేక్ చినమౌలానా గారు వారిలో అగ్రగణ్యులు. ఊపిరే జీవనాధారమైన ఈ కళాకారుల ఆరోగ్యం గురించి ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పదలచాము.

ఎంగిలి గ్లాసులో నీళ్ళు తాగడానికి మనం వెనుకాడతాం. అదే ఒకరు ఊదిన క్లారినెట్‌ను మరొకరు అందుకుని ఊదితే పట్టించుకోం. గురువు శిష్యుడి సన్నాయి ఊది చూపిస్తారు. బూరలమ్మే అతను తాను మోగించి చూపినదే పిల్లవాడి చేతికిస్తాడు. పీకకు అంటిన తడి ఆరకముందే నోరు మారితే లాలాజలంతోపాటు క్రిములూ మారతాయి.

జలుబు, ఫ్లూ, గొంతునొప్పి, పెదవులపై వచ్చే జ్వరపు పొక్కులు ఇలా అంటుకోవచ్చు. క్షయ మాత్రం ప్రధానంగా గాలి ద్వారా వ్యాపిస్తుంది. రోగి దగ్గినప్పుడు వెలువడే తుంపరల వల్ల, గాలి ఆడని గదిలో కలిసి సాధన చేసేవారికి అది సోకే ప్రమాదం ఎక్కువ. హెచ్.ఐ.వి. లాలాజలం వల్ల రాదు కనుక ఆ భయం అక్కర్లేదు. అయితే పెదవి పగిలి రక్తం వస్తున్నప్పుడు ఒకరి పీక మరొకరు ముట్టకూడదు. రక్తం ద్వారా హెపటైటిస్-బి వంటివి సోకే అవకాశం ఉంది.

మరొకరితో పంచుకోకపోయినా, శుభ్రం చేయని వాయిద్యం సొంతదారుకే ముప్పు తేవచ్చు. ఇంగ్లండులో రోజూ బ్యాగ్‌పైప్ ఊదే 61 ఏళ్ళ వ్యక్తి ఏళ్ళ తరబడి దగ్గుతో, ఆయాసంతో బాధపడి 2014లో మరణించారు. మూడు నెలలు వాయిద్యానికి దూరంగా ఆస్ట్రేలియాలో ఉన్నప్పుడు ఆయనకు నెమ్మదించింది. తరువాత ఆ వాయిద్యం లోపల పరీక్షిస్తే రకరకాల బూజు కనిపించింది. తడి ఆరని గొట్టంలో పెరిగిన బూజును పదే పదే పీల్చడమే ఆయన జబ్బుకు కారణం కావచ్చని వైద్యులు 2016లో ప్రకటించారు.

జాగ్రత్తలు కష్టమైనవి కావు. మొదటిది, ఎవరి పీక వారికే ఉండాలి. వాయిద్యం ఉమ్మడిదైనా పీక వేరుగా ఉంచుకోవచ్చు. వాయిద్యం ధరతో పోలిస్తే దాని ఖర్చు చాలా తక్కువ. రెండవది, ఇత్తడి పీకను వాడిన ప్రతిసారీ సబ్బునీటితో, చిన్న బ్రష్‌తో కడిగి తుడవాలి. తప్పనిసరై మరొకరికి ఇవ్వవలసివస్తే, కడిగాక స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. మురికి పోకుండా స్పిరిట్ పూస్తే ప్రయోజనం తక్కువ. క్లారినెట్ నల్ల పీకకు గోరువెచ్చని నీరే వాడాలి, మరిగే నీటిలో అది పాడవుతుంది. మూడవది, సన్నాయి రెల్లు పీక తడిని పీల్చుకుంటుంది. దాన్ని పూర్తిగా శుద్ధి చేయడం కుదరదు. కనుక ఇతరులకు ఇవ్వరాదు, బూజు కనిపిస్తే పారేయాలి. నాలుగవది, కచేరీ ముగిసిన వెంటనే వాయిద్యాన్ని తడిగా పెట్టెలో బిగించకూడదు. లోపల పొడిగుడ్డతో తుడిచి, గాలికి ఆరాకే సర్దాలి.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే వాయించడం ఆపి, ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించుకోవాలి. క్షయకు పరీక్ష, మందులు అక్కడ ఉచితం.

మేళం పిలిపించే పెద్దలకూ ఒక మనవి. జ్వరంతో ఉన్న కళాకారుడు కూలి పోతుందన్న భయంతోనే వస్తాడు. ఆ ఒక్కరోజు అతన్ని ఊదమని బలవంతపెట్టకండి, ఆ పూట కూలి మాత్రం ఇవ్వండి. చేతులు, పీకలు కడుక్కోవడానికి నీళ్ళు, సబ్బు ఏర్పాటు చేయండి. మన ఇంటి శుభకార్యం వారి ఇంటికి జబ్బు మోసుకెళ్ళకుండా చూడడం మనందరి బాధ్యత.