పక్షవాత చికిత్స: నిపుణులు చూసే గడియారం

పక్షవాతం వచ్చినప్పుడు ఏ నిపుణుడు ఏం చేస్తాడో తెలుసుకోవడానికి విశాఖపట్నం మల్కాపురంలో ఒక ఇంటిని ఊహించుకోండి. నౌకానిర్మాణ కేంద్రంలో పనిచేసే ఇంటాయన రాత్రి పదింటికి పడుకున్నాడు. ఉదయం అయిదున్నరకు లేచేసరికి కుడి చెయ్యి లేవడం లేదు. మూతి వంకరపోయింది, మాట ముద్దగా వస్తోంది. జబ్బు ఎప్పుడు మొదలైనట్లు?

అయిదున్నరకు అని మీరు అంటే అది తప్పు. న్యూరాలజిస్టు లెక్క రోగిని చివరిసారి బాగున్నట్లు చూసిన సమయం నుంచి మొదలవుతుంది. అంటే రాత్రి పది. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఆల్టిప్లేజ్ వంటి మందును సాధారణంగా 4.5 గంటలలోపే ఇవ్వాలి. ఆ లెక్కన గడువు దాటిపోయింది. అయితే, "మూడున్నరకు లేచి మంచినీళ్ళు తాగారు, నాతో బాగానే మాట్లాడారు" అని భార్య చెప్పిందనుకోండి. అప్పుడు ఉదయం ఎనిమిది దాకా వ్యవధి ఉంది! ఎమ్మారై స్కాన్‌తోనూ కొంత అంచనా వేయవచ్చు గాని, అది అన్నిచోట్లా, అన్నివేళలా దొరకదు. అందుకే రోగితో పాటు ఆమె కూడా 108 అంబులెన్సు ఎక్కాలి.

అత్యవసర విభాగం వైద్యుడు ముందుగా రక్తంలో చక్కెర చూస్తాడు, ఎందుకంటే చక్కెర బాగా పడిపోయినా పక్షవాతంలాగే కనిపించవచ్చు. తర్వాత సి.టి. స్కాన్. ఎక్కువమందిలో కారణం గడ్డే అయినా, కొందరిలో రక్తనాళం చిట్లుతుంది. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. చిట్లినవారికి గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణాపాయం. గుండెనొప్పికి ఇచ్చినట్లు ఇంట్లోనే ఆస్పిరిన్ వేయవద్దనేది ఇందుకే. మన వైపు పక్షవాతం అనగానే పసరు వైద్యుడి చిరునామా చెప్పేవారు ఇంకా ఉన్నారు. ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఆయన దగ్గర స్కాన్ ఉండదు.

రక్తస్రావమైతే న్యూరోసర్జన్ అవసరం పడవచ్చు. పెద్ద నాళం మూసుకుపోతే తొడ మొదట్లోని ధమని గుండా సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగుతారు. ఇది సాధారణంగా 6 గంటలలోపు, ఎంపిక చేసిన రోగులకు 24 గంటల వరకు పనికొస్తుందని 2018లో వెలువడిన పరిశోధనలు చూపాయి. మింగగలడో లేదో పరీక్షించే వరకు నోటికి నీళ్ళు కూడా ఇవ్వరు. నడక, మాట తిరిగి నేర్పేవారు ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు. వారి పని నెలల తరబడి సాగుతుంది.

మల్కాపురం నుంచి కింగ్ జార్జ్ ఆసుపత్రికి ఓడరేవు లారీల మధ్య నుంచి వెళ్ళాలి. 4.5 గంటల్లో ఆ ప్రయాణమూ, స్కాన్ దగ్గర నిరీక్షణా కలిసే ఉన్నాయని గమనించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై ఉదాహరణలో భార్య రాత్రి షిఫ్టుకు వెళ్ళి, ఇంట్లో ఇంకెవరూ లేకపోతే, నిపుణుడి ముందు మిగిలే మార్గాలు ఏవి?