ఎక్కి తిరిగే డ్రాగన్‌లు: ఒకటి కండబలంతో, ఒకటి కరెంటుతో

డ్రాగన్ అనగానే పాములాంటి ఒళ్లు, గబ్బిలం రెక్కలు, నోట్లోంచి మంటలు గుర్తుకొస్తాయి. చాలా కథల్లో అది మనుషుల్ని భయపెట్టే ప్రాణి. 2022 నవంబర్ 18న నింటెండో స్విచ్ యంత్రం కోసం విడుదలైన 'పోకెమాన్ స్కార్లెట్', 'పోకెమాన్ వయొలెట్' అనే జంట వీడియో ఆటల్లో మాత్రం డ్రాగన్ మనిషిని మోసే వాహనం. స్కార్లెట్‌లో కనిపించేది కొరైడాన్, వయొలెట్‌లో కనిపించేది మిరైడాన్. జపాన్ భాషలో 'కొరై' అంటే ప్రాచీన కాలం నుంచి ఉన్నది, 'మిరై' అంటే భవిష్యత్తు. కథ ప్రకారం మొదటిది గతంలోంచి, రెండోది రాబోయే కాలంలోంచి వచ్చాయి. ఆట ఆడేవారు బడికి వెళ్లే విద్యార్థి పాత్రలో ఈ డ్రాగన్ నెక్కి పరుగెత్తుతారు, ఏళ్లు ఈదుతారు, కొండలెక్కుతారు, కొండమీంచి గాలిలో తేలుతూ దిగుతారు.

ఈ ఆటను తయారుచేసిన గేమ్ ఫ్రీక్ సంస్థ రెండింటికీ కొలతలు కూడా ఇచ్చింది. కొరైడాన్ ఎత్తు 2.5 మీటర్లు, బరువు 303 కిలోలు. మిరైడాన్ ఎత్తు 3.5 మీటర్లు, బరువు 240 కిలోలు. కొలతలున్నాయి కాబట్టి లెక్క వేయవచ్చు. ఊహలో పుట్టిన ఈ ప్రాణులు నిజంగా ఉంటే మనిషిని మోయగలవా? వాటికి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? అవి గాలిలో తేలగలవా?

వీపు మీద ఎంత బరువు?

ముందు తేలిక లెక్కతో మొదలుపెడదాం. గుర్రాలను పెంచేవాళ్లు సాధారణంగా పాటించే పద్ధతి ఒకటుంది. రౌతు, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతుకు మించకూడదు. ఈ లెక్కన 303 కిలోల కొరైడాన్ దాదాపు 60 కిలోలు మోయగలదు. 240 కిలోల మిరైడాన్ మోయగలిగేది 48 కిలోలే. బడిపిల్లలను మోయడానికి ఇవి చాలు. పుస్తకాల సంచీ తగిలించుకుంటే మాత్రం మిరైడాన్ విషయంలో కాస్త ఆలోచించాలి. నేలమీద నడిచినంతసేపూ ఈ డ్రాగన్‌లు ప్రకృతి నియమాలకు లోబడే ఉన్నాయన్నమాట.

తిండి, కరెంటు

గతానికీ భవిష్యత్తుకూ చెందిన ఇలాంటి వాహనాల జంట ఢిల్లీ వీధుల్లోనూ కనిపిస్తుంది. పాత ఢిల్లీలో ఒకప్పుడు గుర్రం లాగే టాంగాలు తిరిగేవి. ఇప్పుడు ఢిల్లీ, నోయిడా, ఘాజియాబాద్‌లలో మెట్రో స్టేషన్ బయటికి రాగానే ఇ-రిక్షాలు వరుసకట్టి ఉంటాయి. టాంగా కండబలంతో నడిచేది, ఇ-రిక్షా కరెంటుతో నడుస్తుంది. కొరైడాన్, మిరైడాన్‌ల తేడా కూడా ఇదే.

ఇ-రిక్షా సీటు కింద 12 వోల్టుల సీసం బ్యాటరీలు నాలుగింటిని వరుసలో కలుపుతారు. మొత్తం 48 వోల్టులు. బ్యాటరీ సామర్థ్యం 100 ఆంపియర్-గంటలు అనుకుంటే, నిండా చార్జి చేసినప్పుడు నిలవ ఉండే విద్యుత్తు 4.8 యూనిట్లు. అంటే సుమారు 170 లక్షల జౌళ్లు. ఈ నాలుగు బ్యాటరీల బరువు 100 కిలోల పైమాటే.

ఇప్పుడు జంతువును చూద్దాం. ఒక కిలో కొవ్వులో సుమారు 370 లక్షల జౌళ్ల శక్తి ఉంటుంది. అయితే కండరం ఆ శక్తిలో నాలుగో వంతును మాత్రమే పనిగా మార్చగలదు. మిగిలినది వేడిగా పోతుంది. అందుకే పరుగెత్తితే మనకు చెమటలు పడతాయి. మోటారు తనకందిన విద్యుత్తులో 80 శాతాన్ని పనిగా మారుస్తుందనుకుందాం. ఇదంతా లెక్కలోకి తీసుకున్నా, 100 కిలోల పైబడిన ఆ బ్యాటరీలు చేసే పనిని ఒకటిన్నర కిలోల కొవ్వు చేయగలదు! మోటారు పొదుపరి, కాని దాని శక్తి మూట బరువు. కండరం దుబారా మనిషి, కాని దాని శక్తి మూట తేలిక. లిథియం బ్యాటరీలు వచ్చాక ఈ బరువు మూడో వంతుకు తగ్గినా, కొవ్వు స్థాయికి అవి ఇంకా చాలా దూరంలో ఉన్నాయి. కరెంటుతో విమానాలు నడపాలని చూసే ఇంజనీర్లకు ఎదురయ్యే పెద్ద చిక్కు కూడా ఇదే.

జంతువుకు ఇంకో ఖర్చు ఉంది. ఇ-రిక్షాను ఆపేస్తే దానికి దాదాపు ఏమీ అక్కరలేదు. గుర్రానికి సెలవు రోజున కూడా మేత వేయాలి. జంతువు బరువుకూ, ఊరికే ఉన్నప్పుడు దానికి అవసరమయ్యే శక్తికీ గల సంబంధాన్ని మాక్స్ క్లైబర్ అనే శాస్త్రజ్ఞుడు 1932లో సూత్రీకరించాడు. ఆ సూత్రం ప్రకారం 300 కిలోల వేడిరక్తపు జంతువుకు రోజుకు సుమారు 5,000 కిలోకేలరీలు కావాలి. దాదాపు ఒకటిన్నర కిలోల బియ్యంతో ఈ శక్తి వస్తుంది. పరుగులు పెడితే ఇంకా ఎక్కువ కావాలి. బల్లి, మొసలివంటి చల్లని రక్తపు ప్రాణి అయితే ఇందులో పదో వంతుతో సరిపెట్టుకోవచ్చు, కాని రోజంతా రౌతును మోసుకుని పరుగెత్తే ఓపిక దానికి ఉండదు.

కరెంటు పుట్టించే ప్రాణి

మిరైడాన్ విద్యుత్ జాతి డ్రాగన్. ఒంట్లో కరెంటు పుట్టడం కట్టుకథేమీ కాదు. దక్షిణ అమెరికా నదుల్లో ఉండే ఎలక్ట్రిక్ ఈల్ చేపల్లో ఒక జాతి 860 వోల్టుల దాకా విద్యుత్తును విడుదల చేస్తుందని 2019లో ప్రకటించారు. దాని ఒంట్లో కండరాల నుంచి రూపుమారిన కణాలు వేల సంఖ్యలో వరుసగా ఉంటాయి. ఒక్కొక్క కణం ఇచ్చేది వోల్టులో చిన్న భాగమే. ఇ-రిక్షాలో బ్యాటరీలను కలిపినట్లే అవన్నీ కలిసి పెద్ద వోల్టేజీని ఇస్తాయి.

కాని ఆ తాకిడి ఉండేది సెకనులో వెయ్యోవంతులు రెండో మూడో. అప్పుడు ప్రవహించే కరెంటు ఒక ఆంపియర్ అనుకుంటే, ఒక్క తాకిడిలో వెలువడే శక్తి రెండు జౌళ్ల చిల్లర మాత్రమే. ఇ-రిక్షా మోటారుకు సెకను సెకనుకూ వెయ్యి జౌళ్లు కావాలి. పైగా ఈల్ చేప ఆ విద్యుత్తును తిన్న తిండి నుంచే తయారు చేసుకుంటుంది. ప్రాణి ఒంట్లో విద్యుత్తు శక్తికి ఒక రూపమేగాని మూలం కాదు. ఆటలో కొరైడాన్‌తోపాటు మిరైడాన్ కూడా శాండ్‌విచ్‌లు తిని బలం పుంజుకుంటుంది. ఆ విషయంలో ఆట సైన్సు ప్రకారమే నడిచింది.

చక్రం ఎందుకు మొలవదు?

ఈ రెండు డ్రాగన్‌లకూ మెడ కింద, తోక దగ్గర మోటారుసైకిల్ చక్రాల్లాంటి ఆకారాలున్నాయి. అయినా కొరైడాన్ ఆ చక్రాలను దొర్లించదు, కాళ్లతోనే పరుగెత్తుతుంది. అది సబబే. చక్రం ఇరుసు మీద విడిగా తిరగాలి. ప్రాణి అవయవానికి రక్తనాళాలు, నరాలు కావాలి. విడిగా తిరిగే అవయవానికి అవి ఎలా వెళతాయి? వెళ్లినా బావిచేదకు తాడు చుట్టుకున్నట్లు మెలిపడి తెగిపోతాయి. రోడ్డు లేనిచోట చక్రం కంటే కాలే నయం కూడా.

చక్రంలా తిరిగే అవయవం సూక్ష్మజీవుల్లో మాత్రం ఉంది. ఇ.కోలై బాక్టీరియా తన తోకలాంటి కశాభాన్ని సెకనుకు వందకు పైగా చుట్లు తిప్పుతూ ఈదుతుంది. అంత చిన్న పరిమాణంలో రక్తనాళాల అవసరమే లేదు. కావలసిన పదార్థాలు వాటంతటవే వ్యాపిస్తాయి.

రెక్కల లెక్క

ఇక అసలు పరీక్ష గాలిలో. ఆటలో ఈ డ్రాగన్‌లు తలమీద విచ్చుకునే రెక్కల్లాంటి భాగాలతో తేలుతూ దిగుతాయి. కొరైడాన్, 45 కిలోల విద్యార్థి కలిపి 348 కిలోలు. వాళ్లను మోయాలంటే గాలి సుమారు 3,400 న్యూటన్ల బలంతో పైకి నెట్టాలి. ఈ బలం రెక్కల వైశాల్యం మీద, వేగపు వర్గం మీద ఆధారపడుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో తేలాలంటే, మంచి రెక్క అయినా దాదాపు 47 చదరపు మీటర్లు ఉండాలి. అంటే 7 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పున్న తరగతి గదంత! వేగాన్ని 72 కిలోమీటర్లకు పెంచితే నాలుగో వంతు, అంటే 12 చదరపు మీటర్లు చాలు. కాని ఆ వేగంతోనే నేలమీద దిగాలి. విద్యార్థి కాళ్లూ చేతులూ ఏమవుతాయో ఊహించండి.

నిజమైన 'డ్రాగన్' ఈ చిక్కు లేకుండా ఎలా తేలుతోంది? మన పశ్చిమ కనుమల అడవుల్లో ఒక ఎగిరే బల్లి ఉంది. దాని శాస్త్రీయ నామం డ్రాకో డుసుమియెరి. డ్రాకో అంటే లాటిన్‌లో డ్రాగన్ అనే. పక్కటెముకలను చాపి, వాటి మధ్య చర్మాన్ని గొడుగులా పరిచి అది చెట్టు నుంచి చెట్టుకు తేలిపోతుంది. అలాంటి బల్లి ఒకటి 10 గ్రాములుందనుకుందాం. దాన్ని అన్ని వైపులా 30 రెట్లు పెంచితే బరువు 30×30×30, అంటే 27,000 రెట్లు పెరిగి 270 కిలోలవుతుంది. సరిగ్గా మన డ్రాగన్‌లంత. కాని చర్మపు రెక్కల వైశాల్యం 30×30, అంటే 900 రెట్లే పెరుగుతుంది. రెక్కలో ప్రతి చదరపు సెంటీమీటరూ 30 రెట్లు ఎక్కువ బరువు మోయాలి. పరిమాణం పెరిగితే బరువు, వైశాల్యం ఒకే తీరున పెరగవని గెలీలియో 1638లోనే తన గ్రంథంలో వివరించాడు.

మరి ఎగిరే ప్రాణి ఎంత పెద్దదై ఉండవచ్చు? 1971లో అమెరికాలోని టెక్సాస్‌లో దొరికిన క్వెట్జల్‌కోట్లస్ అనే టెరోసార్ రెక్కల చాపు 10 నుంచి 11 మీటర్లు. దాని బరువు గురించి శాస్త్రజ్ఞుల్లో పెద్ద చర్చే నడిచింది. గోదావరి లోయలో దొరికిన బారాపాసారస్ డైనోసార్‌ను 1975లో లోకానికి పరిచయం చేసిన నలుగురిలో ఒకరైన శంకర్ చటర్జీ, ఆర్.జె. టెంప్లిన్‌తో కలిసి 2004లో దాని బరువును 70 కిలోలుగా అంచనా వేశారు. అంతకంటే బరువైతే ఎగరడం కష్టమని వారి తర్కం. అది నాలుగు కాళ్లమీద నిలబడి, బలమైన ముందరి కాళ్లతో గాలిలోకి ఎగిరేదని మార్క్ విటన్, మైకేల్ హబీబ్ 2010లో వాదించారు. వారి అంచనా 200 నుంచి 250 కిలోలు. ఇదే నిజమనుకున్నా, మన మిరైడాన్ ఒక్కటే ఆ హద్దు దగ్గరుంది. రౌతునెక్కించుకుంటే హద్దు దాటుతుంది.

కాబట్టి ఈ డ్రాగన్‌లు నేలమీద మనల్ని మోయగలవు, గాలిలో మోయలేవు. ఈ లెక్కను మీరూ చేసి చూడండి. మీ బరువుకు 5 కిలోల రెక్కల బరువు కలపండి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో తేలడానికి ప్రతి 7.4 కిలోలకు ఒక చదరపు మీటరు రెక్క కావాలి. వచ్చిన వైశాల్యాన్ని సుద్దముక్కతో మేడమీద గీసి, దాని మధ్యలో నిలబడండి. ఆ రెక్కలను ఆడించడానికి ఎంత ఛాతీ కండరం కావాలో అప్పుడు ఆలోచించండి.